కంచె చివర మలుపు

నాకు ముక్కు మీదే కోపం అంటారు అందరూ. నిజమే, ఉంది. ఈ కూడలిలో దుకాణం పెట్టుకుని కూర్చున్న మనిషికి కోపం ముక్కు మీద కాక ఇంకెక్కడుంటుంది? ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, ఒళ్ళు చేసినవాళ్ళకు పక్క కుట్లు విప్పి వదులు చేయడం నా పని. పగలంతా నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంటాను కాబట్టి తిట్లన్నీ లోపలే ఉండిపోతాయి. ఇప్పుడు సూదులు తీసి డబ్బాలో పెట్టాను. వినండి.

దుకాణం పైనే మా ఇల్లు. నేనూ అమ్మా ఉంటాం. అమ్మకు మూత్రపిండాలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు ఎదురుగా ఉన్న ఆస్పత్రికి వెళ్ళి, మిషన్ పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఒకసారి తప్పితే కాళ్ళు ఉబ్బుతాయి. మరోసారి తప్పితే ఊపిరాడదు. మా కిటికీలోంచి చూస్తే ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నవాళ్ళు ఏడుస్తున్నారో ఆవలిస్తున్నారో కూడా తెలుస్తుంది. అంత దగ్గర. టాక్సీ పిలిస్తే డ్రైవరు నవ్వుతాడు, లేదా ఎక్కడో దూరాన వెనక్కి తిరగాలని చెప్పి ఊరంతా తిప్పుతాడు.

మొన్నమొన్నటి దాకా మా గుమ్మం ముందే తెల్లగీతలుండేవి. నడిచే మనిషి బొమ్మ పచ్చగా వెలిగితే బళ్ళు ఆగేవి, మేం దాటేవాళ్ళం. అంతే, బ్రహ్మవిద్యేం కాదు. ఎవరికి కన్ను కుట్టిందో, ఆ గీతల మీద నల్లరంగు పూశారు. దీపం పీకేశారు. ఇనుప వంతెన ఒకటి కట్టి, రోడ్డు మధ్య పొడుగునా మనిషి ఛాతీ ఎత్తున ఇనుప కంచె వేశారు. ‘మీ భద్రతే మా బాధ్యత’ అని బోర్డు కూడా తగిలించారు. ప్రారంభోత్సవానికి కత్తెర మర్చిపోయి నా దుకాణంలో అడిగి పట్టుకెళ్ళారు. పెద్దలంతా రిబ్బను కత్తిరించి, నాలుగు మెట్లెక్కి ఫోటోలు దిగి, కిందికొచ్చి కార్లెక్కారు. వంతెన దాటి అవతలికి ఒక్కడూ పోలేదు. నా కత్తెరా తిరిగి రాలేదు.

అన్నిటికంటే ఒళ్ళుమండే సంగతేమిటంటే, ఆ కంచె అతికింది ఎవరో కాదు, మా తమ్ముడే. వాడు వెల్డరు. అవతలి వీధిలో షెడ్డు ఉంది. పెద్ద పని దొరికిందని పొంగిపోయాడు. “ఏనుగొచ్చి గుద్దినా కదలదక్కా” అన్నాడు. అమ్మైతే ఇక నేల మీద నిలవలేదు. కనబడినవాళ్ళందరికీ “మా చిన్నోడు చేశాడు” అని చూపించేది. ఆ చిన్నోడికి మీసాలు నెరుస్తున్నాయి.

మొదటిరోజే అమ్మను వంతెన ఎక్కించి చూశాను. సగం దాకా ఎక్కి మెట్టు మీద చతికిలబడింది. పెదాలు నల్లబడ్డాయి. లిఫ్టు కోసమని వదిలిన చోట చెత్త పోస్తున్నారు. వెనకాల వచ్చేవాడు “దారికడ్డం కూర్చుంటే ఎలా?” అని విసుక్కున్నాడు. ఎలాగో దింపుకొచ్చాను.

ఇక మిగిలినవి రెండే దారులు. ఒకటి, మందుల షాపు ఎదురుగా జనం రెండు ఊచలు వంచి చేసుకున్న సందు. అక్కడ రోడ్డు తిన్నగా ఉంటుంది, వచ్చే బండి దూరం నుంచే కనిపిస్తుంది. పక్కకి తిరిగితే మనిషి దూరొచ్చు. రెండోది, కంచె అయిపోయిన చోట ఉన్న మలుపు. ఆ మలుపు తిరిగే బళ్ళకు ఎర్రదీపం లేదు, ఎప్పుడూ ఆగక్కర్లేదు. డ్రైవర్లు మెడ అటు తిప్పి వచ్చే బళ్ళను చూసుకుంటూ ఇటు తిప్పేస్తారు. ఎదురుగా నిలబడ్డ మనిషి వాళ్ళ లెక్కలోనే ఉండడు.

అమ్మ మలుపు దగ్గరికే పోదామంది.

“సందులోంచి పోదామే, తల్లీ! అందరూ పోతున్నారుగా.”

“అందరూ పోనీ. నా కొడుకు చెమటోడ్చి చేసినదాన్ని ఎవడో విరగ్గొడితే, ఆ కన్నంలోంచి నేను దూరాలా?”

“నీ కొడుకు కంచెకు నువ్వొక్కదానివే కాపలా!”

“పద పద. నోరు పారేసుకోకు.”

అలా ఆవిడ పంతం ఆవిడది. ఇంతలో ఆ సందూ పోయింది. కాంట్రాక్టరు ఫోన్ చేస్తే తమ్ముడు వచ్చి, ఇంకా లావుపాటి ఊచలు పెట్టి అతికేసి పోయాడు. పని కాగానే చేతులు తుడుచుకుంటూ టీ తాగుదామని నా దుకాణంలోకొచ్చాడు. నా నోట్లో సూదులున్నాయి, లేకపోతే అప్పుడే గొడవయ్యేది.

“అమ్మ ఎటు పోతుందిరా?” అన్నాను, సూదులు ఉమ్మేసి.

“బ్రిడ్జి ఉంది కదక్కా.”

“ఎక్కలేదు.”

“మెల్లిగా ఎక్కితే సరి. నా పని విరిగిపోయుంటే మాట పడేది నేను.”

“మాటా? మాట పడితే చస్తావా?”

టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. ఓ పక్క జాలేసింది కూడా. కానీ ఏం లాభం?

ఆ తర్వాత ఓ రోజు ఆస్పత్రికి పోతున్నాం, అమ్మ కుడిచెయ్యి నా చేతిలో ఉంది. ఎడమచెయ్యి ఎవరికీ ఇవ్వదు. ఆపరేషన్ చేసి లావు చేసిన ఆ చేతి నరానికే మిషన్ సూదులు గుచ్చుతారు. దాన్ని పసిపాపలా కాచుకునేది. నిద్రలో కూడా ఆ వైపు ఒత్తిగిలేది కాదు. మలుపు దగ్గర నిలబడి నిలబడి, కాస్త ఖాళీ దొరికిందని అడుగేశాం. తెల్లకారొకటి తిరిగింది. డ్రైవరు మెడ అటు, బండి ఇటు. నేను లాగాను. లాగినా దాని పక్క అద్దం వచ్చి అమ్మ ఎడమచేతికే తగిలింది. కెవ్వుమని కింద పడిపోయింది.

వాడు దిగుతాడనుకున్నాను. కిటికీ అద్దం దించి, “పైన అంత పెద్ద బ్రిడ్జి పెట్టుకుని కిందెందుకు చస్తారమ్మా?” అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. బానెట్ మీద రెండు చేతులతో చరిచాను. వాడి వంశాన్నంతా తిట్టాను. చుట్టూ మూగినవాళ్ళలో ఒక పెద్దమనిషి, “ఆవిడదే తప్పు, బ్రిడ్జి ఎక్కాల్సింది” అని తీర్పు చెప్పాడు. ఆయన కూడా మా వెనకే కింద నుంచి దాటుతున్నాడు! ఆ సంగతి నేను గుర్తుచేస్తే మొహం తిప్పుకుని జారుకున్నాడు.

ఆ చెయ్యి ఇక మిషన్‌కు పనికిరాదన్నాడు డాక్టరు. అమ్మ మెడ దగ్గర గొట్టం అమర్చి దానికి మిషన్ తగిలించారు. “దీన్ని చాలా జాగ్రత్తగా చూసుకోవాలి. ఇన్ఫెక్షన్ వచ్చినా, దెబ్బ తగిలినా ప్రాణం మీదికొస్తుంది” అన్నాడు. సరే నాయనా, చూసుకుంటాం. మరి ఇంటికెలా పోవాలి? ఎల్లుండి మళ్ళీ ఎలా రావాలి? అది ఆయన చదువులో లేదు.

తమ్ముడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. అమ్మను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేనూ కరిగిపోయేదాన్నే. కానీ వాడి నోట్లోంచి మొదట వచ్చిన మాట, “బ్రిడ్జి ఎక్కాల్సింది కదమ్మా.”

“లే” అన్నాను వాడి చొక్కా పట్టుకుని. “నువ్వే ఎక్కించు. అమ్మను ఇప్పుడే ఇంటికి పంపిస్తున్నారు. తీసుకుని పద.”

అమ్మను రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. ఇనుప దూలాలు మోసే మనిషి, అమ్మ ఎంతని? సగంలోనే ఒగర్చడం మొదలుపెట్టాడు. మెట్లు అంత ఎత్తు. “దించరా, నీ నడుం పోతుంది” అంటోంది అమ్మ. మెడ దగ్గర గొట్టానికి వాడి భుజం తగలకుండా నేను చెయ్యి అడ్డం పెట్టి పక్కనే ఎక్కుతున్నాను. పైకి చేరాక అమ్మను ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు.

అక్కడి నుంచి కిందికి చూశాడు. నేను చూడమనలేదు. కంచె ఎండలో తళతళా మెరుస్తోంది. దాని పొడుగునా జనం నడుస్తున్నారు. కర్రతో ఒక ముసలాయన, కడుపుతో ఉన్న ఒకావిడ, బడి పిల్లలు. ఎక్కడా సందు లేదు కదా, అందరూ ఆ చివరికే, ఆ మలుపు దగ్గరికే చేరుతున్నారు. అక్కడ ఆగి, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కరే పరుగు తీస్తున్నారు. కడుపుతో ఉన్నావిడ పరుగెత్తలేక వెనక్కొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ వెనక్కొచ్చింది.

“అందరూ అక్కడికే పోతున్నారేంటక్కా?” అన్నాడు.

“నువ్వే పంపిస్తున్నావు” అన్నాను.

అమ్మ వాడి తల నిమిరింది. నాకది కూడా కోపం తెప్పించింది. ఎవరు ఎవర్ని ఓదార్చాలి?

మర్నాడు కాక ఆ మరునాడు పొద్దున్నే, జనమంతా చూస్తుండగా వాడు కటింగ్ మిషన్ తెచ్చాడు. దొంగపని కాదు, దర్జాగా చేశాడు. ఒకప్పుడు తెల్లగీతలున్న చోట కంచె కోసి, కోసిన ముక్కకే కమ్మీలు వేసి, కీళ్ళు బిగించి గేటు చేశాడు. గొళ్ళెం పెట్టలేదు. ఇంకా రంగు వేస్తుండగానే ఇంజినీరుగారు దిగారు. ప్రారంభోత్సవం నాడు నా దుకాణానికొచ్చింది ఈయనే.

“ఎవరు చెప్పారయ్యా నీకు? ప్రభుత్వ ఆస్తి ఇది! ప్రజల భద్రత కోసం వేసింది!”

తమ్ముడు తల దించుకున్నాడు. వాడికి నోరు లేదు. ఆ లోటు నేను తీర్చాను.

“సార్, ముందు నా కత్తెర ఏది?”

“ఏం కత్తెరమ్మా?”

“పోనీండి, అది మీ దగ్గరే ఉంచుకోండి. మా అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, ఇవ్వాళ మిషన్ ఉంది. గేటు వద్దు, సరే. వంతెన ఆవిడ ఎక్కలేదు. మీరు భద్రంగా ఉంచిన దారి ఆ మలుపొకటే. కాస్త దాటించి పుణ్యం కట్టుకోండి.”

అమ్మ కుడిచెయ్యి తీసి ఆయన చేతిలో పెట్టాను. జనం చూస్తున్నారు, ఆయన విదిలించుకోలేకపోయాడు. “పద బాబూ” అంది అమ్మ, మెడకు కట్టుతో, నవ్వుతూ. ఇద్దరూ మలుపు దాకా నడిచారు. వాళ్ళ వెనకే నేను. ఆయన చెయ్యెత్తాడు. ఒక్క బండీ ఆగలేదు. మెళ్ళో గుర్తింపుకార్డు తీసి ఊపాడు. ఆగలేదు. ఓ అడుగేసి గభాల్న వెనక్కొచ్చాడు. పక్కగా పోతున్న వ్యాను డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు:

“పైన బ్రిడ్జి కనపడట్లేదా? కళ్ళు నెత్తికెక్కాయా?”

“ఆ బ్రిడ్జి కట్టించింది నేనేరా!” అని అరిచాడు ఇంజినీరు. వ్యాను వెళ్ళిపోయింది. జనం గొల్లున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అమ్మ అడుగులు అప్పటికే తడబడుతున్నాయి.

ఆయన అమ్మ చెయ్యి నాకిచ్చేసి, చెమట తుడుచుకుని, “పైవాళ్ళతో మాట్లాడతాను. ఈలోగా గేటు మాత్రం మూసెయ్యాలి” అన్నాడు. అంతే. ఇంత జరిగినా అంతే!

మేం వెనక్కి మా గుమ్మం ముందుకు, గేటుకెదురుగా వచ్చాం. నేను ఎర్ర లైనింగ్ గుడ్డ అడ్డంగా పట్టుకుని ఇవతలి రోడ్డు మీదికి దిగాను. తమ్ముడు అవతలి రోడ్డు మీద, మొహానికి అడ్డం పెట్టుకునే వెల్డింగ్ డాలు ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. బ్రేకులు కీచుమన్నాయి, హారన్లు చెవులు చిల్లులు పొడిచాయి, బూతులు వినిపించాయి. నావి అంతకంటే గట్టిగా వినిపించాయి. బళ్ళు ఆగాయి. అమ్మ మాత్రం గేటు దాకా నడిచొచ్చి ఠక్కున నిలబడిపోయింది. వేలితో కీలు తడిమింది, అతుకు తడిమింది.

“ఒరేయ్ చిన్నోడా, ఇది నువ్వు చేసిందేనా?”

“నేనేనమ్మా.”

“అయితే వస్తున్నా ఉండు” అని గేటు తోసుకుని, తీరుబడిగా, ఎవరి హారనూ పట్టించుకోకుండా అవతలికి నడిచింది.

గేటు మూయించడానికి మళ్ళీ తమ్ముడికే ఫోన్ చేశారు. రానన్నాడు. వేరే వెల్డర్ని తెస్తారట. తెచ్చుకోమనండి. దుకాణం తలుపు తెరుచుకుని ఇక్కడే కూర్చునుంటాను. ఎవడొచ్చినా సరే, ముందు మా అమ్మ చెయ్యి పట్టుకుని ఆ మలుపు దాటించాలి. ఆ తర్వాతే గేటు మీద చెయ్యి వెయ్యాలి.