జోడు పడవ

"రావుగారూ, ఆ మూత తియ్యండి," అంది ప్రమీలారాణి.

సారపాక దగ్గర గోదావరి ఒడ్డున, మోకాలి లోతు నీళ్ళలో తేలుతున్న ఆ పడవ మామూలు పడవలా లేదు. సన్నగా పొడుగ్గా ఉండి, పైన కప్పేసి చిన్న ఇనప మూత బిగించిన రెండు దోనెలను పక్కపక్కన పెట్టి, వాటి మీద అడ్డంగా దూలాలు బిగించి, మధ్యలో బల్ల పరిచారు. బల్ల మీద ఒక నిలువు కొయ్య, దానికి చుట్టిన తెరచాప, వెనకాల చుక్కాని. కాగితం మిల్లులో ఆఫీసరుగా చేసి రిటైరైన వెంకటరామారావు ఆదివారాలు సరదాగా తిరగడానికి కట్టించుకున్నాడు దాన్ని. ఇప్పుడు కాపురం రాజమండ్రికి మారుస్తున్నాడు కాబట్టి అమ్మకానికి పెట్టాడు.

"ఆ మూత కట్టించినప్పటి నుంచీ తీసింది లేదమ్మా," అన్నాడాయన టోపీ సర్దుకుంటూ. "లోపలంతా ఖాళీ. గాలి తప్ప ఏమీ ఉండదు."

"గాలే ఉంటే ఈ ఎడమ దోనె ఎందుకు కుంగిందండీ?"

పక్కనే పంచె ఎగ్గట్టి నిలబడ్డ భర్త వెంకటనారాయణ నవ్వేశాడు. "దాపట కాస్త మెతక, అంతేనే. జోడులో ఒకటి మెతకుండదా? కాడి జరిపినట్టు మన బరువు ఎలపట వైపు జరుపుకుంటే సరి."

కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడికి ఎగువన, భద్రాచలం వైపు అడవి అంచున మిరప పండించే కుటుంబం వాళ్ళది. ఎద్దుల జోడు కొనడం తెలుసు గాని పడవ కొనడం ఆ ఇంట ఎవరికీ తెలియదు. జోడులో కుడిది ఎలపట, ఎడమది దాపట. బలం తక్కువైన దాని వైపు కాడి కాస్త పొడుగుంచితే దాని మీద భారం తగ్గుతుంది. వెంకటనారాయణకు అంతకు మించిన పరీక్ష తోచలేదు.

"ఎద్దు కుంటుతుంటే కాడి జరుపుతామా, డెక్క ఎత్తి చూస్తామా?" అంది ప్రమీలారాణి. "తియ్యండి రావుగారూ. తియ్యకపోతే మాకొద్దు."

ఎనిమిదో తరగతి సగంలో బడి మానిపించి పెళ్ళి చేసినప్పటి నుంచీ పెద్దవాళ్ళ ముందు ఇంత గట్టిగా మాట్లాడింది లేదామె. ఈ పడవ విషయంలో మాత్రం మాట్లాడాలని నిశ్చయించుకుంది.

దానికి కారణం కూతురు ఇందు. పిల్లకు ఆయాసం. వానాకాలం వస్తే పిల్ల ఎదురురొమ్ములో పిల్లికూతలు మొదలవుతాయి. పోయిన వానల్లో తమ ఊరికీ భద్రాచలానికీ మధ్య వాగు పొంగి బస్సు రాలేదు. గోదావరి మాత్రం నిదానంగానే ఉంది. అవతలి ఒడ్డుకు చేరితే మణుగూరు బస్సు, అక్కడ దవాఖానా. కానీ ఊరికున్న ఒక్క నాటుపడవా అవతల ఉంది, పడవతను పెళ్ళికి పోయాడు. పెదవులు నీలమెక్కుతున్న పిల్లను భుజానేసుకుని ప్రమీలారాణి ఒడ్డున నిలబడి అవతలికి కేకలు పెట్టింది. పొద్దువాలే వేళకు పడవతను వచ్చాడు, పిల్ల దక్కింది. కానీ ఆ కేకలు ఇంకా ఆమె గొంతులోనే ఉన్నాయి. రాత్రిళ్ళు పిల్ల ముక్కు దగ్గర చెవి పెట్టి ఊపిరి వినందే నిద్రపోదు. మళ్ళీ వానలు వచ్చేలోగా మన పడవ మనకుండాలి, అది నేనే నడపాలి, అని ఇంట్లో చెప్పేసింది.

వెంకటరామారావు ఇనప కమ్మీతో కొట్టి కొట్టి తుప్పు పట్టిన మూత తిప్పాడు. లోపలికి తొంగి చూస్తే నల్లటి నీళ్ళు తళతళలాడాయి. ఆయన ముఖం కందిపోయింది.

"ఒట్టు, నాకు తెలీదమ్మా! కిందటేడు వెనకాల బండకు తగిలింది... పైపైన గీరుకుందనుకున్నాను."

"మీకు తెలీదనే నమ్ముతున్నానండీ. బాగు చేయించండి. ఆ తర్వాత నేను చూస్తాను. అప్పుడు బేరం."

మళ్ళీ వెళ్ళినప్పుడు ఒక చిన్న మూటలో కట్టెల పొయ్యి బూడిద పట్టుకెళ్ళింది. ఒడ్డున ఇటుకల మీద ఎత్తిపెట్టిన దోనెను మూతదాకా నీళ్ళతో నింపించి, బయట అడుగంతా బూడిద పులిమింది. కొత్త కుండ కొన్న ఆడవాళ్ళు చేసే పనే. ఎక్కడైనా చెమ్మ దిగితే తెల్లటి బూడిద మీద నల్లగా గీత పడుతుంది.

"వంటింటి విద్య పడవకు పెట్టావుటే?" అన్నాడు వెంకటనారాయణ.

"కుండ కారితే చారు పోద్ది. ఇది కారితే?"

మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చుని ఆ బూడిద వంకే చూసిందామె. అతుకు వేసిన చోట కూడా గీత పడలేదు. బేరం తెగింది. లాంచీకి కట్టి పడవను ఎగువనున్న తమ ఊరికి తెచ్చుకున్నారు.

కొనడం ఒక ఎత్తు, నడపడం ఇంకో ఎత్తు అయింది. వెంకటరామారావు ఊరు మారేలోగా ఆదివారాలు వచ్చి నేర్పాడు. తెరచాప తాడు ఎప్పుడు లాగాలో, ఎప్పుడు వదలాలో ఆమెకు త్వరగానే పట్టుబడింది. చుక్కాని మాత్రం లొంగలేదు. చిన్నప్పుడు నాన్న బండి తోలిన చెయ్యి అది. ఎడమకు పోవాలంటే ఎడమ పగ్గం లాగాలి, ఎద్దు తల ఎడమకు తిరుగుతుంది. చుక్కాని పిడినీ అలాగే ఎడమకు లాగేది. పడవేమో కుడికి పోయి ఇసుక మేటలో కూరుకునేది.

"హై! హై! ఇటు, ఇటు!" అని పడవను అదిలించేది కూడా.

ఒడ్డున వల విప్పుకుంటున్న కోయగూడెం పుల్లమ్మ కడుపు పట్టుకుని నవ్వేది. "రాణమ్మా, గదేంది? దానికి గడ్డి గిట్ల పెట్టినవా లేదా? అలిగింది గావచ్చు!"

"నవ్వకు పుల్లమ్మక్కా. వచ్చి నెట్టు."

"అవ్, వస్తున్న. నా చాపలన్నీ నీ పడవ సప్పుడుకే పోయినయ్."

వెంకటనారాయణకు ఓపిక అయిపోయింది. "నీ వల్ల కాదుగానీ, నేను నేర్చుకుంటాలే."

"మీరూ నేర్చుకోండి. కానీ పోయిన వానల్లో మీరెక్కడున్నారు? మిరపకాయలేసుకుని ఖమ్మంలో. ఇంట్లో ఉన్నదెవరు?"

అత్తగారు పద్మావతమ్మ వాకిట్లో నుంచే అందుకునేది. "పిల్లకు కషాయం కాచడం మానేసి నీళ్ళ మీద ఊరేగింపులేంటే ప్రమీలా? రేపు మా వాళ్ళు వస్తే మా కోడలు పడవ నడిపే సరంగు అని చెప్పుకోవాలా?"

"చెప్పండత్తయ్యా. అబద్ధం కాకుండా ఉంటే చాలు."

ఒకరోజు పొలం నుంచి వస్తుంటే ఎదురుగా ఒంటెద్దు బండి ఒకటి ఇరుకు దారిలో ఇరుక్కుని ఉంది. బండివాడు పగ్గాలు వదిలేసి, వెనక్కి పోయి, ఎద్దు తుంటి మీద భుజం ఆనించి కుడికి నెట్టాడు. ఎద్దు తల ఎడమకు తిరిగింది. ప్రమీలారాణి అక్కడే ఆగిపోయింది. పడవకు ముక్కుతాడు లేదు. తన చేతిలో ఉన్నది దాని తుంటి. తుంటిని ఇటు నెడితే ముఖం అటు తిరుగుతుంది. నెత్తి మీద గడ్డిమోపు గడపలో పడేసి ఒడ్డుకు పరుగెత్తింది. ఆ సాయంత్రం పడవ ఇసుక మేట చుట్టూ తిరిగి వచ్చింది. పుల్లమ్మకు నవ్వడానికి ఏమీ దొరకలేదు.

అయినా ఇందును మాత్రం ఒక్కసారి కూడా ఎక్కించలేదు. "నేనూ వస్తానమ్మా," అని పిల్ల ఒడ్డున కాళ్ళు నేలకు కొడితే, "ఇంకా కాదు," అనేది. నీళ్ళంటే భయం పోలేదు ఆమెకు. భయం ఉండగానే పని నేర్చుకుంది, అంతే.

మృగశిర కార్తె వచ్చింది. ఎగువన అడవిలో వాన కురిసి తెల్లారేసరికి వాగు రోడ్డు మీదికెక్కింది. వెంకటనారాయణ విత్తనాల కోసం పోయి భద్రాచలంలో ఇరుక్కున్నాడు. అదే పొద్దున ఇందు మంచం మీద లేచి కూర్చుని, మెడ నరాలు ఉబ్బేలా గాలి లాగడం మొదలుపెట్టింది. కషాయం తాగించినా వాంతి చేసుకుంది.

ప్రమీలారాణి బయటకొచ్చి గోదావరి వంక చూసింది. నీరు ఎర్రబడింది గాని పొంగలేదు. ఎగువ నుంచి గాలి ఉంది.

"అత్తయ్యా, పిల్లని దుప్పట్లో చుట్టండి. మీరు ఎత్తుకుని మధ్య బల్ల మీద కూర్చోవాలి."

"నేనా? ఆ పడవలోనా? నాకు ఈత కూడా రాదే!"

"నాకూ రాదు."

పద్మావతమ్మ కోడలి ముఖం చూసింది. దుప్పటి అందుకుంది. చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన పుల్లమ్మ ముందు భాగంలో గడ పట్టుకుని కూర్చుంది.

ఒడ్డు దగ్గర బాగానే సాగింది. నడి ఏటిలోకి రాగానే ప్రవాహం పడవను దిగువకు లాగింది. దిగువన బండలు, వాటి మీద తెల్లటి నురగ.

"రాణమ్మా! బండలు! కుడికి తిప్పు, జల్దీ!"

చెయ్యి పాత అలవాటుకు పోయింది. పిడి కుడికి లాగింది. పడవ ముఖం దిగువకు తిరిగి, గాలి వీపున తగిలి, బండల వైపే పరుగందుకుంది. పద్మావతమ్మ దేవుడి పేరు మరిచిపోయి కోడలి పేరు పెట్టి అరిచింది. దుప్పట్లోంచి ఇందు ఊపిరి గరగరా వినబడుతోంది. ఆ శబ్దం విన్నంతసేపూ ప్రమీలారాణికి ఇంకేదీ వినిపించలేదు. అలా వింటూ కూర్చుంటే అందరం పోతామని ఆమెకు తెలిసింది.

"దీనికి ముక్కుతాడు లేదు," అని పైకే అంది. పళ్ళు బిగించి పిడిని ఎడమకు నెట్టింది. ఒళ్ళంతా ఆనించి నెట్టింది. పడవ కిర్రుమని మూలిగి, మెల్లగా, చాలా మెల్లగా, ముఖం ఎగువకు తిప్పింది. ప్రమీలారాణి తెరచాప తాడు బిగించి లాగింది. అరచేతుల తోలు లేచింది. నురగ పక్కనుంచి జారి వెనక్కి పోయింది.

"పోయినయ్! బండలు పోయినయ్!" అని పుల్లమ్మ కేకేసింది.

అవతలి ఒడ్డు అడుగున తగలగానే పుల్లమ్మ నీళ్ళలోకి దూకి, పిల్లను అందుకుని గట్టెక్కింది. పద్మావతమ్మ చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ వెనకే నడిచింది. గట్టు మీద మణుగూరు బస్సు హారన్ మోగింది.

"ప్రమీలా! పరుగెత్తవే! వదిలెయ్ దాన్ని!"

"మీరు పదండి, బస్సు ఆపండి. వస్తున్నా."

ఆమె తెరచాప దింపింది. తాడు తీసుకుని గట్టున ఉన్న తుమ్మ మొదలుకు చుట్టింది, ముడి వేసింది, లాగి చూసింది. నీళ్ళు పెరిగినా చాలినంత తాడు వదిలి మళ్ళీ ముడి వేసింది. సాయంత్రం పిల్లతో ఇంటికి పోవాల్సింది దీని మీదే.

అప్పుడు చెప్పులు చేత పట్టుకుని గట్టు మీదికి పరుగెత్తింది.