నలభై రెట్ల రికార్డు

నా మేనకోడలికి నచ్చజెప్పి సంతకం పెట్టించమని మా అక్క నన్ను ప్రయోగశాలకు పంపింది. నాది టార్పాలిన్ల వ్యాపారం. బేరం కుదర్చడం తప్ప నాకు మరో విద్య రాదు.

అక్కడ వాళ్ల పని రాగిరేకు మీద లేజర్ కొట్టడం. దెబ్బ తగిలిన చోట రాగి ఒక్క క్షణం ప్లాస్మాగా మారి ఎక్స్‌రేలతో పాటు వెలుతురునూ చిమ్ముతుంది. వాటిని కొలిచే పరికరం ముందు వెంట్రుకకన్నా పలచని అల్యూమినియం పొర ఉంటుంది. అది ఎక్స్‌రేలను పోనిస్తుంది, మామూలు వెలుతురును ఆపుతుంది. మూడు వారాల కిందట కొలత ఉన్నట్టుండి నలభై రెట్లయింది. ఎందుకని అడగాల్సిన ప్రయోగశాల పెద్దసారు రికార్డని పరిశోధన పత్రం రాసేశారు. సంతకం పెట్టకపోతే తన దగ్గర డాక్టరేట్ రాదని మేనకోడలికి చెప్పేశారు.

"పెట్టెయ్యవే. ఐదేళ్ల చాకిరీకి ఒక్క సంతకం. నష్టమేముంది?" అన్నాను.

"రేకు అదే, లేజర్ అదే. సరుకు మారకుండా తూకం నలభై రెట్లు పెరిగితే నువ్వు కొంటావా మామయ్యా?"



"కొనను, ముందు తక్కెడ చూస్తాను. మరి ఆ పొర తీసి చూడలేకపోయావా?"

"రికార్డు ఇచ్చిన పరికరాన్ని ఎవరూ ముట్టుకోకూడదట. సీలు వేయించారు."

అంత చదివినాయన అదృష్టానికి తాళం వేసుకున్నాడన్నమాట.

ఇంతలో పెద్దసారే వచ్చారు. గొప్ప చూపించుకోవడానికి తానే సీలు తీసి, పొరను చట్రంతో సహా నా చేతికిచ్చారు. ఏ టార్పాలిన్ పట్టానైనా వెలుతురుకు పట్టి చూడటం నా అలవాటు. కిటికీకేసి ఎత్తాను. మధ్యలో సూదిమొనంత వెలుగు.

"చిల్లుందండీ."

"మీరు పట్టుకున్నప్పుడే పడింది." ఆయన తడుముకోలేదు.

"అయితే తిరిగి పెట్టి కొట్టండి సారూ. చిల్లు ఇప్పుడే పడిందైతే, దాంట్లోంచి వెలుతురు కూడా దూరి కొలత మీ రికార్డును దాటాలి కదా."

రేకు ఉండే లోహపు పెట్టెలో గాలి తోడేసి, గంట తర్వాత కొట్టారు. సరిగ్గా నలభై రెట్లు. కొత్త పొర బిగించి కొడితే రికార్డుకు ముందున్న పాత కొలతే వచ్చింది. మూడు వారాలుగా ఈయన మురిసిపోయింది చిల్లులోంచి దూరిన మామూలు వెలుతురును చూసి.

పెద్దసారు తన గదిలోకి వెళ్లారు. సాయంత్రానికి మరో పత్రంతో వచ్చారు. "పలచని పొరల్లో చిల్లులు కనిపెట్టే కొత్త పద్ధతి." మొదటి పేరు ఆయనదే.

"దీనికైనా పెడతావా అమ్మా? డాక్టరేట్ సంగతి నేను చూసుకుంటాగా."

మేనకోడలు ఆసాంతం చదివింది. కలం తీసి "కొత్త" అన్న మాట కొట్టేసి సంతకం పెట్టింది.