నా ముక్కుకి రెండడుగుల లెన్సు

కోపం ముక్కు మీద ఉంటుందంటారు. నా ముక్కు మీద దానికి కావలసినంత చోటుంది. అది మా నాన్న ముక్కు, అచ్చుగుద్దినట్టు నాకు దిగింది. రేపల్లె మిషను స్కూల్లో సైన్సు చెప్పే ప్రేమకుమారి టీచరంటే పిల్లలకి ముందు గుర్తొచ్చేది అదేనని నాకు తెలుసు. దానితో నాకెప్పుడూ పేచీ లేదు. పేచీ వచ్చింది 1986 ఎండాకాలంలో, చీరాలవాళ్ళు పెళ్ళిచూపులకి వచ్చిన రోజున.

పెళ్ళికొడుకు తల్లి నా ఫోటో చేతిలో పెట్టుకుని కూర్చుంది. నేను టీ గ్లాసులు పట్టుకుని వచ్చాను. ఆవిడ ఫోటో చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఫోటో చూసింది. తర్వాత మా మేనత్త రూతమ్మ వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "టీలు తర్వాత తాగుతాంలెండి. ముందు పెళ్ళికూతుర్ని పిలవండమ్మా" అంది.

గ్లాసులు బల్ల మీద పెట్టేసి, ఆవిడ చేతిలోంచి ఫోటో లాక్కుని చూశాను. అంతవరకూ నేను దాన్ని చూడనే లేదు. తెనాలి స్టూడియో నుంచి అత్తయ్యే తెచ్చి, అత్తయ్యే చీరాల పంపింది. ఫోటోలో పిల్ల అందంగానే ఉంది. నా చీర కట్టుకుంది, నా గొలుసు వేసుకుంది, ముక్కు మాత్రం ఎవరిదో తెచ్చి పెట్టుకుంది.

మర్నాడే తెనాలి రైలెక్కాను. గొడుగు చంకలో పెట్టుకుని అత్తయ్య కూడా బయల్దేరింది. కోపంలో నన్ను ఒంటరిగా పంపితే ఎవరికేం మూడుతుందోనని ఆవిడ భయం.

స్టూడియో బజారులో, కాఫీ హోటలుకి ఎదురుగా ఉంది. అది నడిపేది ఏసుబాబు. ముప్పై ఏళ్ళుంటాయి, బక్కపల్చటి మనిషి, మా లూథరన్ గుడివాళ్ళే. అప్పటికే ఊళ్ళో అందరూ మెడలో వేలాడే చిన్న కెమెరాలు, కలర్ ఫోటోలు అంటున్నా, ఇతను మాత్రం తండ్రినాటి పెద్ద చెక్క కెమెరా వదల్లేదు. మూడు కాళ్ళ స్టాండు, ముందు లెన్సు, వెనక గాజు పలక, మధ్యలో సాగే తోలు తిత్తి. వదలకపోవడానికి కారణం ఉంది. ఆ కెమెరాలో నెగెటివు అరచేయంత వస్తుంది, దాని మీద పెన్సిలుతో ఏమైనా దిద్దొచ్చు. ఏసుబాబు పెన్సిలు పడితే స్ఫోటకం మచ్చలు మాయమయ్యేవి, బట్టతల మీద జుట్టు మొలిచేది. చుట్టుపక్కల సంబంధాలు సగం ఆ పెన్సిలు మీదే కుదిరేవి.

"ఎవరండీ ఈవిడ?" అని ఫోటో బల్ల మీద కొట్టాను.

"మీరేనండి టీచరుగారూ. కొంచెం పెన్సిలు పెట్టానండి."

"కొంచెమా? సగం ముక్కు చెక్కేశారు! ఎవరు చెప్పారు మీకు?"

అతను అత్తయ్య వైపు చూశాడు. అత్తయ్య అప్పుడే కనిపెట్టినట్టు సీలింగు ఫ్యాను వైపు చూసింది.

"చూడండి," అన్నాను. "నాకు ఉన్నది ఉన్నట్టు ఒక్క ఫోటో కావాలి. వచ్చేవాడెవడో చూసుకుని, తెలిసే రావాలి. నన్ను ఎదురుగా పెట్టుకుని పెళ్ళికూతురేదీ అని ఇంకొక్కరు అడిగితే మాత్రం నేను మనిషిని కాను."

"అలాగేనండి. పెన్సిలు ముట్టుకోనండి" అన్నాడతను. అప్పుడే కూర్చోబెట్టి తీశాడు.

తర్వాతి శనివారం వెళ్ళి చూశాను కదా, ఈసారి నా ముక్కు వెనక ఎవరో చిన్న మనిషి దాక్కున్నట్టుంది. ముందుదేమో పావలా ముక్కు, ఇదేమో రూపాయిన్నర! నేను నోరు తెరిచేలోగా అతనే చేతులు జోడించాడు.

"తప్పు లెన్సుదండి. ఇది పొట్టి లెన్సు. మొహం పెద్దగా రావాలంటే కెమెరా మీ దగ్గరికి తేవాలి. దగ్గరికొస్తే మీ చెవుల కంటే ముక్కు కెమెరాకి బాగా దగ్గరైపోద్ది. దగ్గరున్నది పెద్దగా పడుద్ది కదండి."

సైన్సు టీచర్ని, నాకు చెప్పాలా? బొటనవేలు కంటి దగ్గర పెట్టుకుంటే ఎదురుగా ఉన్న కాఫీ హోటలు మొత్తం దాని వెనక్కి పోతుంది. "అయితే దూరం జరగండి" అన్నాను.

"జరిగితే మొహం బఠాణీ గింజంత పడుద్దండి. దూరం నుంచి తీసినా మొహం పెద్దగా పడాలంటే పొడుగు లెన్సు కావాలండి."

"దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా" అంది వెంట వచ్చిన అత్తయ్య, మళ్ళీ ఫ్యాను వైపే చూస్తూ.

బాపట్లలో బసవపున్నయ్యగారని ఒక పెద్దాయన స్టూడియో మూసేసి లెన్సులు అమ్ముతున్నాడట. ఏసుబాబు చూసి వస్తానన్నాడు. నా ముక్కుకి లెన్సు నేను లేకుండా కొనడమేంటని నేనూ బయల్దేరాను. నేను బయల్దేరాను కాబట్టి అత్తయ్య బయల్దేరింది, అత్తయ్య బయల్దేరింది కాబట్టి పులిహోర క్యారియర్ బయల్దేరింది. లెన్సు కొనడానికని కాదు, ఏదో వాడరేవు షికారుకి పోతున్నట్టు ముగ్గురం మద్రాసు వైపు పాసింజరెక్కి బాపట్లలో దిగాం.

బసవపున్నయ్యగారు ట్రంకుపెట్టెలోంచి మూడు ఇత్తడి లెన్సులు తీసి చాప మీద పెట్టారు. పద్నాలుగు అంగుళాలది, పద్దెనిమిది అంగుళాలది, ఇరవై నాలుగు అంగుళాలది. అంగుళాలు లెన్సు వెడల్పు కావు, దూరంగా ఉన్న వస్తువు బొమ్మ లెన్సుకి ఎంత వెనక పడుతుందో ఆ లెక్క. ఆయన తలుపులన్నీ మూయించి, కిటికీ రెక్కకున్న కంతలో ఒక్కో లెన్సూ పెట్టి, వెనక తెల్లకాగితం పట్టారు. ఎదురింటి డాబా తలకిందులుగా కాగితం మీద దిగింది. పద్నాలుగులో డాబా మొత్తం కనపడింది. పద్దెనిమిదిలో డాబా మీద ఎండబెట్టిన వడియాలు కనపడ్డాయి. ఇరవై నాలుగులో వడియం ఎత్తుకుపోతున్న కాకి కనపడింది.

"ఓసి నీ దుంపతెగ!" అని అత్తయ్య కాగితం మీది కాకిని గొడుగుతో అదిలించింది. అది పోలేదు. నాకు నవ్వాగలేదు. చీకట్లో ఏసుబాబు కూడా నవ్వడం వినపడింది.

"బాబూ, పద్నాలుగు తీసుకో, చాలు," అన్నారు బసవపున్నయ్యగారు. "ఇరవై నాలుగంటే కెమెరాకి అంత పొడుగు తిత్తి ఉండాలి, అంత పొడుగు గదుండాలి."

ఏసుబాబు అప్పటికే పద్నాలుగుది చేతిలోకి తీసుకున్నాడు. నేను మధ్యలో దూరాను. "తాతగారూ, ఏదైతే ముక్కు బాగా నిజంగా వస్తుందండీ?"

"ఎంత దూరం జరిగితే అంత నయమేలే అమ్మా. కానీ ఒక హద్దు దాటాక..."

హద్దు నేను వినలేదు. పొడుగు మంచిదైతే బాగా పొడుగు బాగా మంచిది కదా! "ఇరవై నాలుగే కావాలి" అన్నాను. ఏసుబాబు నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. పద్నాలుగుది మెల్లిగా చాప మీద పెట్టేసి, బేరం కూడా ఆడకుండా ఇరవై నాలుగుది ఎత్తుకున్నాడు. రైల్లో దాన్ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

కెమెరా తిత్తి చివరిదాకా లాగినా ఆ లెన్సుకి కావలసిన పొడుగులో సగం కూడా రాలేదు. తెనాలిలో నాటకాలవాళ్ళ హార్మోనియంలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళి, పాత హార్మోనియం తిత్తొకటి దానికి జోడించి కుట్టించాడు. అప్పట్నుంచీ సాగదీసినప్పుడల్లా కెమెరా ఉస్సురుమనేది. నన్ను చూసి నిట్టూరుస్తోందని అత్తయ్య వేళాకోళం.

తిత్తి సరిపోయింది, గది సరిపోలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఏసుబాబు కెమెరా వెనక్కి జరిపాడు, జరిపాడు, గుమ్మం దాటించాడు, మురిక్కాలవ దాటించాడు. చివరికి నేను స్టూడియోలో, కెమెరా నడిబజార్లో! నల్లగుడ్డ కప్పుకుని వంగిన ఏసుబాబు వెనకభాగం కాఫీ హోటలు వైపు.

అతను గుడ్డలోంచి బయటికొచ్చి, లెన్సు మూత తీసి నాలుగంకెలు లెక్కపెట్టాలి, అంతసేపూ నేను కదలకూడదు. మొదటిసారి మూడు అనేసరికి మధ్యలో రిక్షా పోయింది. రెండోసారి ఒకాయన ఆగి లెన్సులోకి తొంగిచూసి పై పంటి సందులో మెతుకు తీసుకున్నాడు. అత్తయ్యకి ఒళ్ళు మండింది. గొడుగు విప్పి రోడ్డుకి అడ్డంగా నిలబడింది.

"ఆగండి! ఎక్కడివాళ్ళక్కడే! మా పిల్ల మొహం తీస్తన్నారు!"

బజారు ఆగిపోయింది. కొల్లూరు లంకల నుంచి అరటిగెలలతో వచ్చిన బండి కూడా ఆగింది. బండి తోలే యలమంద దిగి వచ్చాడు. "ఏంటి పిన్నమ్మా, ఎవరికేమైంది?" అని నల్లగుడ్డ కిందికి తల దూర్చాడు. "అమ్మో, ఈ అమ్మాయి తలకిందులుగా ఉందేంటి!" అని కేక పెట్టాడు. ఇంకేముంది, కాఫీ హోటలు ఖాళీ అయింది. ఒకరి తర్వాత ఒకరు గుడ్డ కింద దూరి చూసి బయటికొచ్చి తీర్పులు. "ముక్కు నిండుగా ఉందిగా." "రాజసం ఉంది." "కొంచెం ఇటు తిప్పమనండి, ఎండ పడాలి." ఎవరు అడిగారు వీళ్ళని? సిగ్గు, కోపం, నవ్వు మూడూ ఒకేసారి ముంచుకొచ్చాయి. బిగుసుకుని కూర్చున్నాను. ఆ అదునులో ఏసుబాబు మూత తీశాడు. బజారంతా కలిసి, "ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ!" అని అరిచింది. మూత పడింది. చప్పట్లు కొట్టారు. యలమంద గెలలోంచి ఒక అరటి అత్తం కోసి తెచ్చి నా ఒళ్ళో పెట్టి మరీ వెళ్ళాడు.

శనివారం అత్తయ్యా నేనూ వెళ్ళేసరికి ఫోటో తయారుగా ఉంది. ఏసుబాబు దాన్ని రెండు చేతులతో అందించాడు.

"ఒక్క గీత కూడా పెట్టలేదండి టీచరుగారూ."

చూశాను. పావలా ముక్కూ కాదు, రూపాయిన్నర ముక్కూ కాదు. నా ముక్కే. అద్దంలో రోజూ చూసేదే. కానీ తప్పు పొట్టి లెన్సు మీద నెట్టేయడానికి ఇప్పుడు వీల్లేదు. ఇంత దూరం పోయి, ఇంత తంటాలు పడి తీస్తే, తేలిందేమిటంటే అది నిజంగానే పెద్దది.

"ఇంత పెద్దదా?" అన్నాను.

"అవునండి" అన్నాడతను.

కాదండి అని ఉంటే అక్కడే చింపేసేదాన్ని. ఇన్నేళ్ళలో నా మొహం మీద ఆ మాట అన్న మగవాడు ఇతనొక్కడే. పైగా తెనాలిలో అందరికంటే నున్నగా అబద్ధం దిద్దగల మనిషి. నవ్వొచ్చేసింది. కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా నవ్వాను. చివరికి ఊపిరి పీల్చుకుని, "బాగుంది. దీన్ని చూసి ఎవరు ఒప్పుకుంటారండీ ఇప్పుడు?" అన్నాను.

అతను ఫోటో వైపు చూడలేదు. నా వైపే చూశాడు.

"ఒప్పుకున్నవాడే తీశాడండి."

నాకు మాటకి మాట అప్పజెప్పడం పుట్టుకతో వచ్చిన విద్య. ఆ పూట మాత్రం నాకంటే ముందు అత్తయ్య అందుకుంది. వెనక అత్తయ్య గొడుగు ముడిచి గోడకి ఆనించిన చప్పుడు వినపడింది.

"గుళ్ళో పెళ్ళి ప్రకటన ఏ ఆదివారం నుంచి చదివించమంటారు? పాస్టరుగారికి ముందే చెప్పాలి" అంది.

"రేపటి నుంచే," అన్నాను, ఫోటో గుండెలకి హత్తుకుని. "ఆలస్యం చేస్తే మళ్ళీ పెన్సిలు పట్టుకుంటాడు."