అవ్వరాయి ముందు దొప్పలు

ఎస్సై చెయ్యి రాంబాబు కాలరు మీద ఉంది. రాంబాబు ఒక కాలు జీపులో, ఇంకో కాలు నేల మీద.

"రాయిని ఎవరికిచ్చినవ్ రా?"

"నేనియ్యలే సార్! పొద్దున ఊడ్వనీకి పోతే లేదు. మీకు ఫోన్ చేసిందే నేను."

"ఈమధ్య దొంగలే ముందుగాల ఫోన్ చేస్తున్నరు లే. ఎక్కు."

రాంబాబు అక్క దుర్గ పరుగెత్తుకొచ్చి జీపు తలుపుకు అడ్డంగా నిలబడింది.

టేకులపల్లి దాటి అడవిలోకి పది కిలోమీటర్లు వస్తే వాళ్ల కోయగూడెం. గూడెం వెనక గుట్ట మీద రాకాసిగూళ్లున్నాయి. ఏ కాలంవాళ్లో చచ్చిపోయిన తమవాళ్ల కోసం పెద్దపెద్ద బండలు నిలబెట్టి, పైన ఇంకో బండ కప్పి కట్టిన రాతిగదులు. వాటి నడుమ ఆడమనిషి ఆకారంలో చెక్కిన రాయి ఒకటుంది. నడుమెత్తు ఉంటుంది. గూడెం దాన్ని అవ్వరాయి అంటుంది. కిందటేడు ఎవరో విదేశీయుడు లోకం చూడని చారిత్రక ప్రదేశాల జాబితా రాస్తూ, టర్కీలో నేల కింద తవ్విన ఊరి పక్కన దీన్నీ చేర్చాడు. అప్పటినుంచీ నెలకు రెండు వ్యాన్లు వస్తున్నాయి. గుట్ట చుట్టూ కంచె పడింది, గేటుకు తాళం పడింది. తాళంచెవి గైడు రాంబాబుది.

ఈరోజు పదకొండుకు ఇంకో వ్యాను. కొత్తగూడెంలో బయలుదేరింది కూడా.

"తాళం పగల్లేదు. చెవి నీ తమ్మునిది" అన్నాడు ఎస్సై. "ఇంకోటి చూస్తవా? భద్రూ, చూపియ్."

కానిస్టేబుల్ భద్రు ప్లాస్టిక్ కవరు ఎత్తాడు. లోపల మూడు మోదుగాకు దొప్పలు. అన్నం మెతుకులు, ఇప్పసారా వాసన.

"రాయి పీకిన గుంతకాడ దొరికినయ్. బయటి దొంగ రాయికి బువ్వ పెట్టి పోతడా? మీది మూడో గట్టంట కదా. గట్టు ఎన్నోదైతే అన్ని దొప్పలంట. సర్పంచే చెప్పిండు."

సర్పంచ్ చెప్పింది నిజమే. కోయల్లో వంశాలను అంకెలతో చెబుతారు, వాటినే గట్లు అంటారు. పెద్దల రాయిని కదపాలంటే ముందు అన్నం పెట్టాలి, సారా పోయాలి, తమ గట్టు లెక్కన దొప్పలు వరుసగా పెట్టి అడగాలి. అడగకపోతే పెద్దల కోపం ఇంట్లో పిల్లల మీద పడుతుందని భయం.

"నేనొక్కసారి చూసొస్త సార్. వ్యాను వచ్చేదాకా ఆగుండ్రి."

ఎస్సై గడియారం చూసుకున్నాడు. "అప్పటిదాకనే. తర్వాత కేసు రాస్త. ఇది పురాతన వస్తువు, బెయిలు గిట్ల జల్దీ దొరకదు."

దుర్గ భర్త రవీందర్ మోటారుసైకిలు తీశాడు. గోదావరి అవతలినుంచి ఇల్లరికం వచ్చి ఏడేళ్లయింది అతను. బతుకుతెరువుకు ట్రాలీ ఆటో నడుపుతాడు.

"ఎందుకే గీ ఉరుకులాట? రెండు దినాలు కూసోబెట్టి వాళ్లే ఇడిసిపెడ్తరు."

"నడుపు."

గుట్ట మీద గుంత నోరు తెరుచుకుని ఉంది. దుర్గ మోకాళ్ల మీద కూచుంది. పచ్చిమట్టిలో దొప్పలు పెట్టిన చోట గుండ్రటి తడి మచ్చలు. వేలితో ఒక్కొక్కటే తాకుతూ పోయింది. మూడు దగ్గర ఆగాల్సిన వేలు ఆగలేదు.

మచ్చలు అయిదు.

అక్కడినుంచి చీమలబారు పక్క గూడు కిందికి సాగింది. చెయ్యి దూర్చి లాగితే రెండు దొప్పలు వచ్చాయి. కుక్కో నక్కో ఈడ్చుకుపోయి నాకినట్టుంది. ఆకు ఇంకా వాడిపోలేదు.

గూడెంలో ముప్పై ఇళ్లు. అన్నీ మూడో గట్టే. పెళ్లయిన ఆడవాళ్లకు మొగుడి గట్టే వస్తుంది. బయటి గట్టు మగవాడు గూడెం మొత్తంలో ఒక్కడే, అయిదో గట్టు నుంచి ఇల్లరికం వచ్చినవాడు.

"ఏమన్న దొరికిందా?" వెనకనుంచి రవీందర్.

ఆమె తల తిప్పలేదు. "అవ్వరాయి యాడుంది?"

"నాకేం తెలుసు?"

ఆమె దొప్పలు ఎత్తి చూపింది.

"గోదారి ఒడ్డున రిసార్టు కడుతున్నరు" అన్నాడు అతను. "తోటల పెడ్తరంట. మంచిగ చూసుకుంటరు. నాకు డ్రైవరు నౌకరి ఇస్తమన్నరు, పర్మినెంటు. ఎన్నేండ్లు అత్తగారింట్ల తినుకుంట కూసోవాలె?"

"మరి దొప్పలెందుకు పెట్టినవ్?"

"మన పిల్లకేమన్న అయితదేమోనని."

"తమ్మునికేమయితదోనని భయం కాలేదా?"

"వాని మీదికి పోతదనుకోలే దుర్గా! తాళం పగలగొడితే చప్పుడైతదని, ఇంట్ల గోడకున్న తాళంచెవి తీసుకున్న. అంతే." అతని గొంతు తగ్గింది. "అవి పారెయ్. మనిద్దరికే తెలుసు. రాంబాబుకు వకీలును నేను పెడ్త, ఒట్టు."

కిందినుంచి వ్యాను హారన్ వినిపించింది.

దుర్గ దొప్పలు కొంగులో చుట్టుకుని అడ్డదారిన పరుగు తీసింది. వెనక బండి స్టార్టయిన చప్పుడు. బండి దారి చుట్టుతిరుగుడు. ముళ్లు గీరుకున్నాయి, చెప్పు తెగింది, ఆమె ఆగలేదు.

కింద వ్యాను దిగినవాళ్లు కెమెరాలు పట్టుకుని అయోమయంగా నిలబడ్డారు. జీపు ఇంజను నడుస్తోంది. రాంబాబు లోపల ఉన్నాడు. తల్లి ముత్తక్క జీపు ముందు టైరుకు ఆనుకుని కూచుంది, ఎవరు లేపినా లేవడం లేదు.

"లే అవ్వా, జీపు పోవాలె" అంటున్నాడు భద్రు.

"నా మీదకెల్లి పోనియ్" అంది ముత్తక్క.

దుర్గ రొప్పుతూ వచ్చి కొంగు విప్పింది. భద్రు చేతిలో కవరు లాక్కుని, దొప్పలన్నీ జీపు బానెట్ మీద వరుసగా పరిచింది.

"అయిదు సార్. మూడు గాదు. మన్ను మీద మచ్చలు గూడ అయిదే ఉన్నయ్, పోయి చూసుకోండ్రి."

ఎస్సై వంగి చూశాడు. "అయితే అయిదో గట్టా? ఈ గూడెంల అయిదో గట్టోడు ఎవడమ్మా?"

ముత్తక్క చప్పున లేచింది. కూతురి ముఖం చూసి ఆమెకు అర్థమైపోయింది. "బిడ్డా... నీకు పిల్ల ఉందే" అంది గొణుగుతున్నట్టు.

జీపులోంచి రాంబాబు అక్కనే చూస్తున్నాడు. అప్పుడే బండి వచ్చి ఆగింది. రవీందర్ దిగలేదు, రెండు కాళ్లూ నేలకు ఆన్చి అలాగే ఉండిపోయాడు.

"చెప్పమ్మా, ఎవడు?"

దుర్గ గూడెమంతా వినేట్టు చెప్పింది.

"నా మొగుడు సార్. రవీందర్."