నొప్పి లేని పొక్కు

సోమవారం రావాల్సిన మైక్రోస్కోపు బల్బు గురువారం పదకొండింటికి వచ్చింది. అపర్ణ దాన్ని బిగించి, కారంపూడి నుంచి వచ్చిన పొట్టేలు నెత్తురు పూసిన స్లైడు పెట్టి చూసింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. నీలం రంగు పుల్లలు, ఒకదాని కొసకు ఒకటి అతుక్కుని వరసగా ఉన్నాయి. దొమ్మ రోగం. పశువుల్ని చంపి మనుషులకూ అంటుకునే జబ్బు.

ఆమె పనిచేసే ఆ పశురోగాల ల్యాబు కట్టి నలభై ఏళ్లు. గేటుకు రంగు వేయడానికి డబ్బులొస్తాయి, గోడ మీద గొర్రె బొమ్మ గీయించడానికీ వస్తాయి. పరికరాలు కావాలన్న ఫైలు మాత్రం మూడుసార్లు పైకి పోయి, ‘ఉన్నవి పనిచేస్తున్నవి కదా’ అని రాయించుకుని మూడుసార్లూ వెనక్కొచ్చింది. పనిచేస్తున్నాయట! ఇల్లు అంటుకున్నాక బావి తవ్వే బుద్ధులు మనవి. ఉన్న ఒక్క మైక్రోస్కోపుకు బల్బు మాడిపోతే మూడు రోజులు చేతులు ముడుచుకుని కూర్చున్నారు.

సోమవారం ఆ నెత్తురు తెచ్చింది నరసింహారావు. అపర్ణ వాళ్ల వీధే, వరసకు బాబాయ్. తన మందలో పొట్టేలు మేస్తూ మేస్తూనే పడి చచ్చిపోయిందన్నాడు. కొయ్యకుండా లోతుగా పాతిపెట్టమంది అపర్ణ. రేప్పొద్దునకల్లా సంగతి చెప్తానని మాటిచ్చింది. తీరా బల్బు రాకపోయేసరికి, వచ్చాకే చెబుదాంలే అని ఊరుకుంది.

ఇప్పుడు ఫోను చేసింది.

“బాబాయ్, మందలో ఇంకేమన్నా పోయినయ్యా?”

“మంగళారం ఇంకోటి పోయిందమ్మా.”

“పాతిపెట్టారా?”

“నీ కాడ్నుంచి కబురే రాకపోయె. చెడ్డ రోగమైతే పిల్ల చెప్పకుండా ఉంటదా, చిటుకు రోగమేలే అని కోసి పోగులేశాం.”

మనుషులకు అంటని చిటుకు రోగంతో ఉన్నట్టుండి చచ్చిన గొర్రెను పారేసే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. పోగులు పెట్టి ఇంటికొకటి పంచుకుంటారు. ఇంకా తేలలేదు బాబాయ్ అని ఒక్క మాట చెప్పి ఉంటే ఆగేవాళ్లు. తన నోటికి ఏం రోగమొచ్చింది?

“ఎన్నిళ్లకు పంచారు?”

“పద్దెనిమిది. మీ ఇంటికి కూడా పంపిచ్చాం. మా కోసం తిరిగే పిల్లవి, నిన్ను మరుస్తామా?”

మంగళవారం అమ్మ వండిన కూర, మాంసం ఎక్కడిదని అడక్కుండానే, రెండోసారి అడిగి మరీ వేయించుకున్న సంగతి అపర్ణకు గుర్తొచ్చింది. ఉడికిన కూర కంటే పచ్చిమాంసం కడిగిన చేతులకే ఎక్కువ ప్రమాదం. చిన్న గాటు ఉన్నా చాలు. ముందు పొక్కు లేస్తుంది, నడుమ నల్లబడుతుంది. నొప్పి ఉండదు. అందుకే జనం పట్టించుకోరు.

“మాంసం ముట్టినోళ్లందరినీ ఇప్పుడే ఆస్పత్రికి తీసుకుపో బాబాయ్. మిగిలింది ఎవర్నీ తాకనియ్యబాక” అని చెప్పి పెట్టేసింది. వెంటనే అమ్మ రత్నకుమారికి ఫోను కలిపింది.

“అమ్మా, మంగళారం మాంసం ఎవరు కడిగింది?”

“నేనే. ఏందే ఆ గొంతు?”

“నీ చేతులొకసారి చూసుకో.”

అవతల గరిటె పక్కన పెట్టిన చప్పుడు.

“కత్తిపీటకు తెగిన కాడ పొక్కు లేచింది. నడుమ నల్లగా ఉంది” అంది రత్నకుమారి. “కంగారు పడబాకే, నొప్పేం లేదులే.”