ఎర్రచారల జంపఖానా

"దివాణం వాళ్ళిచ్చిన జంపఖానా అది. బండకేసి బాదకు," అని మా అత్తగారు దుర్గాంబగారు ప్రతి తద్దినం మర్నాడూ నాకు గుర్తుచేసేవారు, నేనేదో దాన్ని బాదడానికే ఈ ఇంటికి కోడలిగా వచ్చినట్టు. తద్దినం భోజనాలయ్యాక మగవాళ్ళు హాల్లో నడుం వాల్చేది దాని మీదే. మావారి తాతగారు దశరథరామయ్యగారు పురాణం చెపితే మెచ్చుకుని దివాణంలో బహూకరించారట. అంచేత ఆడవాళ్ళు దాని మీద కూర్చోకూడదు. పెళ్ళయిన కొత్తలో తెలియక కూర్చుంటే, "లే, లే, పెద్దలు కూర్చునేదమ్మా అది," అని నలుగురిలో లేపేశారు. కూర్చోకూడదు గాని ఉతకచ్చు. నీళ్ళు పీల్చుకుంటే ఒక మనిషి ఎత్తలేనంత బరువు. పెరట్లో నేనూ అత్తగారూ చెరో కొసా పట్టుకుని పిండి దండెం మీద వేసేవాళ్ళం. ఆరేకొద్దీ ఎర్రచారలు ఉన్నచోటల్లా ముడతలు తేలేవి. "సరిగ్గా పిండలేదు నువ్వు," అనేవారు అత్తగారు. ఆ ముడతలు నా చేతకానితనమేనని ఏళ్ళ తరబడి నమ్మాను.

నేను నందిగామ హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఉండేది జగ్గయ్యపేటలో. మావారు ఉపేంద్ర ఊరి దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తారు. పొద్దున్నే రెండు కూరలు, పచ్చడి, ఆయన క్యారేజీ, అత్తగారి మడినీళ్ళు అన్నీ అయ్యాక బస్సెక్కితే, హమ్మయ్య అని నేను కూర్చునేది ఆ బస్సులోనే. ఒకరోజు సాయంత్రం నందిగామలో షామియానాలు అద్దెకిచ్చే కొట్టు ముందు పాత జంపఖానాలు వర్షంలో తడుస్తూ కనిపించాయి. ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాక వాటినెవరూ అడగడం లేదట. "లారీవాళ్ళు సరుకు మీద కప్పుకోడానికి తీసుకెళ్తారండీ," అన్నాడు కొట్టాయన. నీలం, పసుపు చారల మధ్య పక్షుల వరసలు ఉన్నదొకటి నాకు వదలబుద్ధి కాలేదు. మూట కట్టించి బస్సెక్కితే కండక్టరు, "ఎవరి పెళ్ళండీ టీచరుగారూ?" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. అలా మొదలైంది నా పిచ్చి.

తర్వాత ఆదివారాలు వెతుక్కుంటూ వెళ్ళేదాన్ని. జంపఖానా దొరకడం ఒక ఎత్తు, అది ఎవరింటిదో, ఏ మగ్గం మీదదో పట్టుకోవడం ఇంకో ఎత్తు. నూలు వడికింది చేత్తోనా మిల్లులోనా, అంచు ఎలా ముగించారు, రంగు ఎండకి ఎటు తిరిగింది, ఇవన్నీ చూడ్డం నెమ్మదిగా అలవాటైంది. ఒక్కోదాని కోసం ఊరూరా తిరిగి ముసలివాళ్ళని పట్టుకుని అడిగేదాన్ని. ఇంట్లో వాటికి అటక తప్ప చోటు లేదు. ఇంటికెవరొచ్చినా మావారు, "అందరి పెళ్ళాలకీ బంగారం పిచ్చి, మా ఆవిడకి గోతాల పిచ్చి," అనేవారు. నేను కాఫీలు అందిస్తూ వాళ్ళతోపాటు నవ్వేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

రెండువేల ఒకటిలో ఫ్యాక్టరీవాళ్ళు కొత్త గెస్ట్‌హౌస్ కట్టారు. దాని హాల్లో గోడకి ఈ ప్రాంతపు పాత వస్తువేదైనా పెట్టాలని మేనేజరు పార్థసారథిగారికి కోరిక. మావారు ఊరుకుంటారా, మా ఇంటి దివాణం జంపఖానా ఇస్తానని మాటిచ్చి వచ్చారు. కింద ఇత్తడి పలక మీద దశరథరామయ్యగారి పేరు, దివాణం బహుమతి అన్న మాట చెక్కిస్తారట. మావారికి రావలసిన ప్రమోషను ఆ మేనేజరుగారి చేతిలోనే ఉంది.

"ఆదివారం ఆయన ఇంటికొస్తున్నారు," అన్నారు మావారు. "నువ్వు దాని చరిత్ర చెప్పు. నువ్వు చెపితే నమ్ముతారు. వీటి మీద రీసెర్చి చేస్తున్నావని చెప్పా."

గోతాల పిచ్చి ఒక్క పూటలో రీసెర్చి అయిపోయింది. గొప్పగానే అనిపించింది, అబద్ధమెందుకు. ఇన్ని ఊళ్ళు తిరిగి, మా ఇంట్లోదాన్ని మాత్రం నేనెప్పుడూ పరిశీలనగా చూడలేదని అప్పుడు తట్టింది. దివాణానిదని అందరూ అంటుంటే ఇక చూసేదేముందని వదిలేశాను. ఆ మధ్యాహ్నం హాల్లో పరిచి భూతద్దం పట్టుకు కూర్చున్నాను. తెల్ల నూలు చేత్తో వడికినది. ఎర్రచారల్లో ఉన్నది అసలు దారమే కాదు. సన్నగా చింపి, పురిపెట్టి నేసిన గుడ్డపేలికలు. చిరుగు దగ్గర ఒక కొస విప్పితే లోపల పట్టు, దాని మీద చిన్న జరీ మామిడిపిందె. పట్టుచీర! నూలు తడిసి ఒకలాగా ముడుచుకుంటే పట్టు ఇంకోలాగా ముడుచుకుంటుంది. ఆ ముడతలు నేను పిండినందువల్ల వచ్చినవి కావు. ఎంత సేపు అలా కూర్చుండిపోయానో గాని పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, అత్తగారి చేత చీవాట్లు కూడా తిన్నాను. దివాణంలో ఎవరైనా పట్టుచీరలు చింపి జంపఖానాలు నేయిస్తారా?

ఈ సంగతి చెప్పగలిగేది ఒక్కరే. దశరథరామయ్యగారి కూతురు, మావారి మేనత్త పేరిందేవమ్మగారు. వత్సవాయిలో ఉంటారు. శనివారం బడి నుంచి అటే వెళ్ళాను. చిరిగిన కొస దగ్గర ఊడిన పేలిక ముక్క చేతిలో పెడితే, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇది శేషమాంబత్తయ్య చీరే," అన్నారు.

శేషమాంబగారు దశరథరామయ్యగారి అక్క. కాపరానికి వెళ్ళకముందే భర్త పోతే పుట్టింట్లోనే ఉండిపోయి, తమ్ముడి సంసారానికి జీవితమంతా వండిపెట్టిన మనిషి. ఆవిడ పెళ్ళిచీరలు పెట్టెలో అలాగే ఉండేవట. ముత్తయిదువలెవరూ వాటిని ముట్టుకోరు, పారేయడానికి ఆవిడకి మనసొప్పదు. ఖద్దరు రోజుల్లో ఊళ్ళోకొచ్చి రాట్నం, మగ్గం నేర్పినవాళ్ళ దగ్గర ఆవిడ రెండూ నేర్చుకుని, దొడ్లో పాక కింద మగ్గం పెట్టించుకున్నారట.

"చీరలు చింపింది నేనూ అత్తయ్యా కలిసే," అన్నారు పేరిందేవమ్మగారు. "చిన్నపిల్లని, అంత మంచి చీరలు చింపుతుంటే నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ ఏడవలేదు. కట్టుకోవద్దన్నారు గాని నెయ్యొద్దనలేదు కదే, అంది."

"మరి దివాణం మాట ఎలా వచ్చిందండీ?"

"పురాణానికొచ్చిన ఒకాయన, ఇది దివాణంలో ఇచ్చిందా శాస్త్రిగారూ అన్నాడు. మా నాన్న అవునన్లేదు, కాదన్లేదు. తలుపు చాటునుంచి అత్తయ్య విని నవ్వుకుంది. వంటింట్లోకెళ్ళి పప్పు రుబ్బుకుంది, పాపం."

"మీరెవరికీ చెప్పలేదా?"

"అడిగినవాళ్ళెవరే? ఎవరిచ్చారనే గాని ఎవరు నేసారని ఇన్నేళ్ళలో నువ్వొక్కదానివే అడిగావు."

బస్సులో వస్తుంటే నాకు దుఃఖం, కోపం రెండూ కలిసి వచ్చాయి. ఆవిడ నేసిన దాని మీద ఆవిడే కూర్చోకూడదు. నేను కూర్చుంటే లేపారు. ఆ రాత్రి అన్నాల దగ్గర మొత్తం చెప్పాను. అత్తగారు మజ్జిగ కలుపుకుంటున్న చెయ్యి ఆపేశారు. మావారు, "పోయినావిడ వచ్చి అడుగుతుందా? ఆదివారానికి దివాణమనే చెప్పు. నా ప్రమోషను సంగతి తెలుసుగా," అన్నారు. ఆయన అడిగినది ఒక్క మాటే. ఇన్నాళ్ళూ ఊళ్ళు తిరిగి నేను సంపాదించుకున్నదంతా, నేను చెపితే నిజమన్న ఆ నమ్మకం, అబద్ధానికి సాక్ష్యం చెప్పడానికి కావాలి. కాదంటే ఆయన ఉద్యోగం చెడగొట్టినదాన్నవుతాను. తెల్లారేదాకా నాకు కంటిమీద కునుకు లేదు.

ఆదివారం పార్థసారథిగారు వచ్చారు. పెద్దమనిషి, చెప్పులు గుమ్మం బయటే విప్పి, జంపఖానా తొక్కకుండా పక్కనుంచి వంగి చూశారు. "అద్భుతంగా ఉందండీ. దివాణం వాళ్ళదట కదా?" అన్నారు. మావారు నావైపు తిరిగి, "మా ఆవిడ చెప్తుందండీ," అన్నారు.

"కాదండి," అన్నాను. "ఇది ఈ ఇంట్లోనే నేసింది. నేసినావిడ పేరు శేషమాంబగారు. ఈ ఎర్రచారలు ఆవిడ పెళ్ళిచీరలు."

పేలిక విప్పి జరీ పిందె చూపించాను. పార్థసారథిగారు చాలాసేపు చూసి, "ఇది ఇంకా గొప్ప సంగతి కదండీ," అన్నారు. మావారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అయితే పలక మీద ఆవిడ పేరే చెక్కిద్దామా?" అని పార్థసారథిగారు మావారిని అడిగారు, నన్ను కాదు. మావారు అప్పటికే తలూపుతున్నారు.

"పలక అక్కర్లేదు బాబూ. మేం ఇవ్వడం లేదు." వంటింటి గుమ్మంలోంచి మా అత్తగారు. బయటి మగవాళ్ళ ముందు ఆవిడ మాట్లాడగా నేను వినడం అదే మొదలు. తలమీద కొంగు సర్దుకుంటూ వచ్చి, జంపఖానా నడిమధ్య, ఎర్రచార మీద మఠం వేసుకు కూర్చున్నారు. "నా చేతులతో దీన్నెన్నిసార్లు ఉతికానో లెక్కలేదు. ఒక్కసారి కూర్చోలేదు. ఉపేంద్రా, మేనేజరుగారికి కాఫీ పట్రా."

పార్థసారథిగారు కాఫీ తాగి, మాకు నమస్కారం పెట్టి మరీ వెళ్ళారు. కారు వీధి మలుపు తిరగ్గానే మావారు నా మీదకొచ్చారు. "ఒక్క మాట దివాణమంటే నీ సొమ్మేం పోయేది?"

"నాదేం పోయేది కాదు. ఆవిడది పోయేది," అన్నాను.

ఆయన ఇంకా ఏదో అనబోతుంటే అత్తగారు చారలు తడుముతూ, "ఒసేవ్ అహల్యా, ఇలాంటిదే ఇంకోటి ఉండాలే. రెడ్డిగూడెంలో మీ మామగారి బాబాయి వాళ్ళింట్లో చూసా, నా పెళ్ళయిన కొత్తలో. పచ్చచారలు. వాళ్ళూ దివాణందనే అన్నారు," అన్నారు.

నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. "వచ్చే ఆదివారం వెళ్దామా అత్తయ్యగారూ?"

"పద. పొద్దున్న బస్సుకే." కొడుకువైపు తిరిగి ఆవిడ మామూలుగా అన్నారు, "ఆ పూటకి వంట నువ్వు చూసుకోరా."