చలిమిడిలో చిమ్మిలి

పద్దెనిమిది ఉండలు. ఒకటి కాదు, రెండు కాదు. అక్షర తన బుల్లి అరచేతుల మధ్య తిప్పి తిప్పి, గుండ్రంగా వచ్చేదాకా వదలకుండా చేసిన పద్దెనిమిది ఉండల్నీ నాగలక్ష్మి చెత్తబుట్టలో బోర్లించింది. బోర్లించి, గిన్నె సింకులో పడేసి, మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంది.

అక్షర తల్లి అనంతలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. మండి ఏం లాభం, నోరు పెగల్లేదు. పారేసినావిడ మొగుడి అక్క. రాజమండ్రి నుంచి తొలిసారి దోహా వచ్చింది, తమ్ముడి సంసారం చూసి పోదామని. ఆవిడ మాటంటే కృష్ణప్రసాద్‌కు వేదవాక్కు. ఉన్న నాలుగు రోజులూ గొడవెందుకులే అనుకుని అనంతలక్ష్మి పెదవి కొరుక్కుని ఊరుకుంది. ఊరుకోవడం ఆమె చేసిన మొదటి తప్పు. రెండోది మర్నాడు చేసింది.

ఆ ఉండల విలువ తెలియాలంటే అక్షర సంగతి తెలియాలి. దానికి ఏడేళ్ళు. ఇంట్లో వసపిట్ట, బయటివాళ్ళు కనిపిస్తే నోటికి తాళం. కిందటి మార్చిలో స్కూలు అడ్మిషన్ టెస్టుకు తీసుకెళ్తే, అడిగినావిడ ముందు తన పేరు కూడా చెప్పలేదు. పిల్ల ఇంకా సిద్ధంగా లేదు, వచ్చే మార్చికి తీసుకురండి అన్నారు. అప్పట్నుంచి దోహా శివారు ఐన్ ఖాలిద్‌లోని ఆ రెండు గదుల వాటాయే దాని బడి, తల్లే టీచరు. ఎంత బాగా చెప్తే ఏం, పుస్తకం తెరవగానే పిల్ల కళ్ళు గోడ మీదికి పోయేవి.

ఒకే విల్లాను అయిదు వాటాలుగా కోసి అద్దెకిచ్చిన ఇల్లది. సెప్టెంబరులో పక్క వాటాలోకి షు లాన్ అనే చైనా ఆవిడ దిగింది. మొగుడు రోడ్ల కంపెనీలో ఇంజినీరు. ఆవిడ తన ఊళ్ళో పసిపిల్లల బడిలో చెప్పేదట. ఈవిడకి వచ్చిన ఇంగ్లీషు ఆవిడకి రాదు, ఆవిడకి వచ్చింది ఈవిడకి చాలదు. మిగతాదంతా ఫోన్లో ఒక యాప్ ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చెప్పి పెట్టేది.

చైనావాళ్ళు ఏడాదిని ఇరవై నాలుగు ముక్కలు చేసి ఒక్కో ముక్కకూ ఒక పేరు పెట్టుకున్నారట. తెల్ల మంచు, పురుగులు మేలుకోవడం, గింజ నిండడం, ఇలా. అది విని అనంతలక్ష్మి పకపకా నవ్వింది. ఇవి మన కార్తెలే కదా! రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని తన తాత అనేవాడని ఫోనుకు చెప్తే, ఫోను ఏం చెప్పిందో గానీ, షు లాన్ బయట సిమెంటు గచ్చును చూపించి, ఇక్కడ ఆర్నెల్లు అదే కార్తె అన్నట్టు సైగ చేసింది.

ఆవిడ పుస్తకం తెరిచేది కాదు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజున బల్ల మీద కోడిగుడ్డును నిలువునా నిలబెట్టమంది. అక్షర రెండు గంటలు దానితోనే కుస్తీ పట్టింది. చివరికి గుడ్డు నిలబడింది. “నిలబడింది ఆంటీ!” అని అరిచింది పిల్ల, తెలుగులోనే, నెల కూడా పరిచయం లేని మనిషితో. అనంతలక్ష్మి వంటింట్లో చేస్తున్న పని వదిలేసి ఏడ్చేసింది.

డిసెంబరులో, ఏడాదిలోకెల్లా పొట్టి పగలు వచ్చే రోజుకు ముందు, షు లాన్ ఒక కాగితం ఇచ్చింది. దాని మీద పూల కొమ్మ. తొమ్మిది పువ్వులు, పువ్వుకు తొమ్మిది రేకులు. ఆ రోజు మొదలుకొని రోజుకో రేకుకు ఎర్రరంగు వెయ్యాలి. ఎనభై ఒక్క రేకులూ నిండితే చలి పోయి వసంతం వచ్చినట్టు. దోహాలో పోవడానికి చలేదీ అని నవ్వుకుంటూనే అనంతలక్ష్మి వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. మార్చి రెండో వారానికి నిండుతుంది, మూడో వారంలో టెస్టు. ఈ రేకులు నిండేసరికి నా పిల్ల నోరు విప్పుతుంది అని దేవుడికి మొక్కినట్టు ఆ కాగితానికి మొక్కుకుంది.

ఆ పొట్టి పగలు శనివారం వచ్చింది. పొద్దున్నే అక్షర మొదటి రేకుకు రంగు వేసి పక్క వాటాలోకి పరిగెత్తింది. ఆ రోజు వాళ్ళు బియ్యప్పిండితో ఉండలు చేసి, ఉడికించి, తియ్యటి అల్లం నీళ్ళలో వేసుకుని ఇంటిల్లిపాదీ తింటారట. పిండి ఎంత మెత్తగా ఉండాలో తెలియడానికి ఒక చేత్తో చెవి తమ్మె పట్టుకుని, రెండో చేత్తో పిండి నొక్కి చూడమందట షు లాన్. లోపల పెట్టడానికి నల్ల నువ్వులు, పంచదార, నెయ్యి. ఆ నెయ్యి అనంతలక్ష్మి ఇచ్చిందే, తన ఇంట కాచినదే.

మధ్యాహ్నం అక్షర గిన్నె పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, ముందు అత్తకే పెట్టింది. నాగలక్ష్మి స్పూనుతో ఒక ఉండను విరిచింది. నల్లగా కారింది.

“ఏవిటే ఇవి, పిండాలా? శనివారం పూట నల్ల నువ్వులు పసిదాని చేతికిచ్చి పంపిస్తుందా ఆవిడ? నువ్వులు చేతికివ్వకూడదు, కింద పెడితే తీసుకోవాలని కూడా తెలీదూ?”

ఇంకేముంది, చెత్తబుట్ట. అంతటితో ఆగిందా? మైల అంటుకుందని పిల్లని నిలబెట్టి నెత్తిన నీళ్ళు పోసింది. నీళ్ళు కారుతుంటే అక్షర తన అరచేతుల వంక చూసుకుంటూ నిలబడింది. కృష్ణప్రసాద్ ఇంట్లోనే ఉన్నాడు, శనివారం సెలవు కదా. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పోనీలెద్దూ, పెద్దావిడ అని భార్యతో గొణిగి, ఫోన్లోకి తల దూర్చేశాడు.

మర్నాడు బట్టలారేసే చోట షు లాన్ ఎదురొచ్చింది. ముఖమంతా నవ్వు. ఉండలు తిన్నారా, అందరికీ ఒక్కో ఏడు వయసు పెరిగిందా అని ఫోను చేత అడిగించింది. అది తింటే ఏడాది పెద్దయినట్టని వాళ్ళ మాట. అనంతలక్ష్మి తడి బట్ట చేత్తో పట్టుకుని, “వెరీ టేస్టీ, ఆల్ ఫినిష్” అంది. పక్కనే తల్లి చున్నీ పట్టుకుని నిలబడ్డ అక్షర తలెత్తి అమ్మ మొహంలోకి చూసింది. చున్నీ వదిలేసి లోపలికి పోయింది.

ఆ రోజు రెండో రేకు తెల్లగానే ఉండిపోయింది. మూడోదీ అంతే. పిల్ల పక్క వాటా గడప తొక్కలేదు. నాలుగో రోజున చపాతీ పిండి కలుపుదాం రా అని తల్లి పిలిస్తే, చేతులు రెండూ వెనక్కి దాచుకుంది.

“అమ్మా, నా చేతులు మైలా?”

కాదమ్మా అని అనంతలక్ష్మి ఆ చేతుల్ని కళ్ళకద్దుకుంది గానీ, పిల్ల నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? నీళ్ళు పోస్తుంటే చూస్తూ నిలబడ్డ తల్లి, పారేసినవాటిని తిన్నామని చెప్పిన తల్లి ఇప్పుడు కాదంటే ఎవరు నమ్ముతారు? వదిన మీద కోపం, మొగుడి మీద కోపం, వాటన్నిటికీ రెట్టింపు తన మీద తనకి కోపం. ఆ మూడు కోపాలూ కలిసి రెండు రోజులు లోపలే ఉడికాయి.

శుక్రవారం సాయంత్రం అందరూ టీ తాగుతున్నారు. నాగలక్ష్మి తన స్టీలు డబ్బా తెచ్చుకుంది. అందులో చిమ్మిలి. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, చలిమిడీ చిమ్మిలీ నైవేద్యం పెట్టి, ఆ వారమే విమానమెక్కింది ఆవిడ. మేనకోడలికని నువ్వులూ బెల్లమూ మళ్ళీ విడిగా దంచి డబ్బా నిండా పట్టుకొచ్చింది. అదీ నల్ల నువ్వులతో. బలం కదా! వచ్చిన దగ్గర్నుంచీ రోజూ ఒక ఉండ స్వయంగా పిల్ల చేతిలో పెట్టేది. ఈ వారమంతా ఒంట్లో నలతగా ఉండి ఆ డబ్బా మూత తియ్యలేదు. గురివింద గింజ తన కింద నలుపెరగదన్నారు, ఊరికే అన్నారా?

ఆవిడ ఉండ తీసి చెయ్యి చాచింది. అక్షర ఒక అడుగు వెనక్కి వేసింది.

“నువ్వులు చేతికివ్వకూడదు అత్తా.”

నాగలక్ష్మి నవ్వింది. “ఇవి మనింట్లో చేసినవే పిచ్చిదానా, తప్పులేదు.”

“అవి నేనే చేశాను. నేను మనింటి దాన్ని కాదా?”

నాగలక్ష్మి చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. అనంతలక్ష్మి టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

“చలిమిడి పక్కన చిమ్మిలి పెడితే నైవేద్యం. చలిమిడి లోపల చిమ్మిలి పెడితే పిండమా, వదినగారూ? అందులో పోసిన నెయ్యి నాది, పిసికిన చేతులు నా కూతురివి. ఇంక మైల ఎక్కణ్ణుంచొచ్చింది, చెప్పండి.”

కృష్ణప్రసాద్ ఏదో అనబోయాడు. మీరు ఫోను చూసుకోండి అంది అతనివైపు తిరగకుండానే. నల్లగా కారేసరికి గుండె ఝల్లుమంది, పిల్లనేమీ అనలేదు కదా అని నాగలక్ష్మి నసిగింది. అనలేదు నిజమే, నెత్తిన నీళ్ళు మాత్రం పోశారు అంది అనంతలక్ష్మి. ఇక అక్కడ నిలబడలేదు. ఒక చేత్తో కూతుర్నీ, ఇంకో చేత్తో పూల కొమ్మ కాగితాన్నీ రంగు పెన్సిల్నీ పట్టుకుని పక్క వాటా తలుపు కొట్టింది.

షు లాన్ తలుపు తీసింది. అనంతలక్ష్మి ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఒక్క గుక్కలో చెప్పేసింది. మా వదిన వాటిని పిండం అంది, చెత్తబుట్టలో పడేసింది, నేను మీతో అబద్ధం చెప్పాను, తప్పయిపోయింది అని. ఫోను దాన్ని చైనా భాషలో వినిపించింది. షు లాన్ ముఖం పాలిపోయింది. గబగబా ఏదో టైపు చేసింది. ఫోను తెలుగులో తాపీగా అడిగింది:

“మీ వదిన కడుపులోని బిడ్డను చెత్తబుట్టలో పడేసిందా?”

అనంతలక్ష్మి నెత్తి కొట్టుకుంది. ఆ మాయదారి యంత్రానికి పిండమంటే ఆ ఒక్క అర్థమే తెలుసు. కాదు కాదని రెండు చేతులూ అడ్డంగా ఊపింది గానీ, ఎలా చెప్పాలో ఏ భాషలోనూ తోచలేదు. అప్పుడు అక్షర తల్లి చేతిలోంచి కాగితం లాక్కుని, వెనక్కి తిప్పి, అక్కడే గచ్చు మీద కూర్చుని బొమ్మ గీసింది. దండ వేసిన ఫోటో. దాని ముందు గిన్నె, గిన్నెలో ఉండలు. అత్త. చెత్తబుట్ట. బాణం గుర్తు. చివర్న నీళ్ళు పోయించుకుంటున్న పిల్ల. గీసి, ఒక్కోదాని మీదా వేలు పెట్టి, తెలుగూ ఇంగ్లీషూ కలిపి మొత్తం కథ తనే చెప్పింది.

షు లాన్‌కు అర్థమైంది. నవ్వలేదు, ఫరవాలేదనీ అనలేదు. వాళ్ళని లోపలికి తీసుకెళ్ళి అలమర మీద చూపించింది. ఒక ముసలావిడ ఫోటో, దాని ముందు ఖాళీ గిన్నె. ఫోను ఈసారి తిన్నగానే చెప్పింది. ఆ రోజు మొదటి గిన్నె చనిపోయిన మా అమ్మకు పెట్టాను, రెండోది అక్షరకిచ్చాను, ఆ తర్వాతే నేను తిన్నాను. పెద్దలకు పెట్టాక పిల్లలకు పెట్టడం మా పద్ధతి.

మా పద్ధతీ అదే అని చెప్పడానికి అనంతలక్ష్మికి మొహం చెల్లలేదు. తద్దినం నాడు పెద్దలకు పెట్టి, ఆ గారెలే కదా ఇంటిల్లిపాదీ తినేది!

“ఆల్ ఎయిటీన్?” అని అడిగింది షు లాన్, అక్షర వంక చూసి. అక్షర తలూపింది. ఆవిడకి కోపం వచ్చింది. రాదూ మరి? పిండి డబ్బాను బల్ల మీద దభీమని పెట్టింది. పెట్టి, పిల్ల ఎక్కి నిలబడే చిన్న స్టూలును కాలితో ముందుకు జరిపింది. అక్షర కదల్లేదు. రెండు అరచేతులూ చాపి చూపించింది. షు లాన్ ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసి, గుప్పెడు పిండి తీసి వాటిలో పోసింది.

ఉండలు ఉడుకుతుండగా అక్షర కాగితం మళ్ళీ ముందుకు తిప్పి రంగు పెన్సిలు తీసుకుంది. వదిలేసిన అయిదు రేకులూ నింపెయ్యవే అంది తల్లి. షు లాన్ వద్దని తల అడ్డంగా ఊపింది. గడిచిన రోజుకు ఇవాళ రంగు వెయ్యకూడదట. ఆ అయిదూ అలా తెల్లగానే ఉండాలి. అక్షర ఏడో రేకు ఒక్కటే నింపింది.

చీకటి పడుతుండగా ఇంటికొచ్చారు. గిన్నె పట్టుకుంటానంటే అక్షర అమ్మకివ్వలేదు. నాగలక్ష్మి భోజనాల బల్ల దగ్గర మూత పెట్టిన డబ్బా ముందు ఒక్కతే కూర్చుని ఉంది. అక్షర గిన్నెను గడప పక్కన దించి, ముందు వంటింట్లోకి వెళ్ళింది. తనంత ఎత్తున్న చెత్తబుట్టను బరబరా ఈడ్చుకుంటూ హాల్లోంచి తీసుకెళ్ళి వాకిట్లో పెట్టింది. తలుపు వేసింది. గిన్నె ఎత్తుకొచ్చి అత్త ముందు బల్ల మీద పెట్టింది.

“చేతికివ్వలేదు అత్తా, కింద పెట్టాను. తీసుకో.”

ఎదురుగా కుర్చీ లాక్కుని, తినేదాకా లేవనన్నట్టు కూర్చుంది.